ఇండైలో రెండో స్థానం విలువ

గత సంచికలో ఆస్ట్రేలియా ఎన్నికల గురించి రాస్తూ, ఇండై నియోజకవర్గాన్ని ఒకే ఒక్క వాక్యంతో దాటేశాం: "44 శాతం ఓట్లు వచ్చిన అభ్యర్థి ఓడి, 31 శాతం వచ్చిన అభ్యర్థి గెలిచిన చోటు." ఆ వాక్యం చాలామందికి మింగుడు పడలేదు. అచ్చు తప్పేమోనని అడిగినవాళ్లూ ఉన్నారు. తప్పు కాదు. ఈసారి ప్రశ్నలన్నీ దాని మీదే కాబట్టి శీర్షిక మొత్తం ఇండైకే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: అసలు ఈ ఇండై ఎక్కడుంది? పేరు ఎలా వచ్చింది?

విక్టోరియా రాష్ట్రానికి ఈశాన్య మూలన ఉంది. వొడోంగా, వాంగరాటా, బెనల్లా ఇక్కడి పెద్ద పట్టణాలు. బీచ్‌వర్త్, బ్రైట్, మాన్స్‌ఫీల్డ్, యాకన్‌డాండా లాంటి చిన్న ఊళ్లు, కొండలు, పశువుల మేతభూములు, ద్రాక్షతోటలు మిగతాదంతా. మర్రే నది ఎగువ భాగానికి ఉన్న ఇండై అనే పేరే నియోజకవర్గానికీ వచ్చింది. స్పెల్లింగ్ చూసి 'ఇండి' అనేస్తుంటారు గానీ స్థానికులు పలికేది 'ఇండై'. 1901లో తొలి ఫెడరల్ ఎన్నిక నాటి నుంచీ ఉన్న స్థానం.

ప్రశ్న: 44 శాతం వచ్చినవాళ్లు ఎలా ఓడతారు? ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే కదా గెలవాలి?

లెక్క మొత్తం విప్పి చూపిస్తాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

2013 సెప్టెంబర్ 7 నాటి ఎన్నిక ఇది. చెల్లిన ఓట్లు 89,043. బ్యాలెట్ మీద 1 అంకె ఎవరికి వేశారో చూస్తే లిబరల్ పార్టీ (పేరు ఎలా ఉన్నా కుడిపక్షమే) సిట్టింగ్ ఎంపీ సోఫీ మిరబెల్లాకు 39,785, స్వతంత్ర అభ్యర్థి క్యాతీ మెక్‌గవన్‌కు 27,763. తేడా పన్నెండు వేల పైమాటే. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే గెలిచే పద్ధతిలో అయితే కథ ఇక్కడితో అయిపోయేది.

ఆస్ట్రేలియా ప్రతినిధుల సభకు గెలవాలంటే సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలి. మిరబెల్లాకు సగం రాలేదు. అప్పుడు అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని పోటీ నుంచి తప్పించి, ఆ బ్యాలెట్ల మీద 2 ఎవరికి వేశారో చూసి, వాళ్ల కట్టలో కలుపుతారు. తర్వాత కింది నుంచి ఇంకొకరు. ఇలా చివరికి ఇద్దరు మిగిలేదాకా సాగుతుంది. తెలుగునాట పట్టభద్రుల ఎమ్మెల్సీ లెక్కింపు చూసినవాళ్లకు ఈ ఎలిమినేషన్ రౌండ్లు కొత్తేమీ కాదు. ముఖ్యమైన తేడా ఒకటే. ఆస్ట్రేలియాలో పేర్లన్నిటికీ అంకెలు వేయాల్సిందే కాబట్టి, అంకెలు అయిపోయి మధ్యలోనే లెక్కలోంచి తప్పుకునే ఓటంటూ ఉండదు. ప్రతి కాగితమూ చివరి ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గరికి చేరుతుంది.

ఇక మిగతా అభ్యర్థులందరి ఓట్లూ కలిపి 21,495. వాటిలో 16,978 మెక్‌గవన్‌కు వెళ్లాయి, 4,517 మాత్రమే మిరబెల్లాకు. నూటికి 79 ఒకే వైపు మళ్లాయన్నమాట. చివరి లెక్క 44,741, 44,302. మెజారిటీ 439. ఇంకోలా చెప్పాలంటే ఓ 220 మంది అటు నుంచి ఇటు మారినా ఫలితం తలకిందులయ్యేది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు కిటుకు ఇంకో మెట్టు కింద ఉంది. మెక్‌గవన్ ఆ 79 శాతాన్ని అందుకోవాలంటే ముందు రెండో స్థానంలో నిలబడి ఉండాలి. 2010లో ఇదే సీట్లో లేబర్ పార్టీకి పావు వంతు పైగా తొలి ప్రాధాన్య ఓట్లు వచ్చాయి. 2013లో అవి 12 శాతం లోపుకు పడిపోయాయి. లేబర్ పాత బలంతోనే ఉండి, మెక్‌గవన్ మూడో స్థానంలో నిలిచి ఉంటే, ముందు తప్పుకునేది ఆమే. ఆమె ఓట్లు పంచేశాక చివర మిగిలేది లిబరల్, లేబర్. ఆ పోటీలో లిబరల్‌కు ఢోకా లేదు. గెలుపు ఎవరిదో తేల్చింది రెండో స్థానం.

ప్రశ్న: అంటే ఇండై ఓటర్లు కుడి నుంచి ఎడమకు మారిపోయినట్టేనా?

మారలేదు. అదే విచిత్రం. ఆస్ట్రేలియా ఎన్నికల సంఘం ప్రతి సీటుకూ రెండు లెక్కలు వేస్తుంది. ఒకటి, చివరికి నిజంగా మిగిలిన ఇద్దరి మధ్య తేలిన లెక్క. రెండోది, ఎవరు మిగిలినా సరే, అవే బ్యాలెట్లను కేవలం లిబరల్–నేషనల్ కూటమి, లేబర్ మధ్య పంచితే ఎలా ఉంటుందన్న లెక్క. 2013లో ఇండైలో ఈ రెండో లెక్క ప్రకారం కూటమికి 59 శాతం దగ్గర వచ్చింది. మిరబెల్లా ఓడిపోయిన ఎన్నికలోనే!

పత్రికల్లో "59 శాతం కంచుకోట" అని ఒకచోట, "439 ఓట్లతో స్వతంత్ర అభ్యర్థి గెలుపు" అని ఇంకోచోట చదివి తికమక పడొద్దు. ఒకే కాగితాలను రెండు ప్రశ్నలు అడిగితే వచ్చిన రెండు జవాబులవి. లేబర్ కావాలా అంటే ఇండై వద్దంటుంది. ఈ లిబరలే కావాలా అన్నా, అప్పుడు, వద్దంది.

మెక్‌గవన్ నేపథ్యం కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆమె వ్యవసాయ రంగంలో పనిచేసిన మనిషి. 1980లలో ఇదే సీటు లిబరల్ ఎంపీ యూవన్ కామెరాన్ దగ్గర సిబ్బందిగా ఉన్నారు. జీవితంలో ఎన్నడూ లేబర్‌కు ఓటెయ్యని రైతు కూడా ఆమె పేరు ఎదుట 1 వేయడానికి జంకలేదంటే, ఈ నేపథ్యం పాత్ర తక్కువేమీ కాదు.

ప్రశ్న: 2013కు ముందు ఇది ఎప్పుడూ లిబరల్ కోటేనా?

అలా అనుకోవడం పొరపాటు. కోట మాట నిజమే గానీ గుమ్మం మీద బోర్డు చాలాసార్లు మారింది.

తొలి సభ్యుడు ఐజాక్ ఐజాక్స్. యాకన్‌డాండా, బీచ్‌వర్త్ ప్రాంతాల్లో పెరిగినవాడు. 1906లో న్యాయమూర్తిగా హైకోర్టుకు (ఆస్ట్రేలియాలో అదే అత్యున్నత న్యాయస్థానం) వెళ్లి, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యి, 1931లో ఆస్ట్రేలియాలో పుట్టిన తొలి గవర్నర్ జనరల్ అయ్యాడు. 1910, 1914 ఎన్నికల్లో లేబర్ అభ్యర్థి పార్కర్ మొలోనీ గెలిచాడు. 1919 నుంచి రైతుల తరఫున రాబర్ట్ కుక్, ఆ పైన కంట్రీ పార్టీ (నేటి నేషనల్స్‌కు పాత పేరు) హవా.

1928 సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. సిట్టింగ్ సభ్యుడైన కుక్ నామినేషన్ పత్రాలు గడువులోగా దాఖలు చేయలేకపోయాడు. బరిలో మిగిలింది లేబర్ అభ్యర్థి పాల్ జోన్స్ ఒక్కడే. ఒక్క ఓటూ పడకుండా కంట్రీ పార్టీ కోట ఏకగ్రీవంగా లేబర్ చేతికొచ్చింది. తమాషా ఏమిటంటే 1929లో పోటీ జరిగినా జోన్సే మళ్లీ గెలిచాడు. 1931 దాకా సీటు వదల్లేదు. నామినేషన్ గడువు మధ్యాహ్నం పన్నెండు అంటే పన్నెండే. ఇప్పటికీ అంతే.

1937 నుంచి 1949 వరకు కంట్రీ పార్టీ నేత జాన్ మెక్‌యూవన్. ప్రధాని హెరాల్డ్ హోల్ట్ సముద్రంలో గల్లంతయ్యాక 1967 డిసెంబర్ నుంచి 1968 జనవరి వరకు మూడు వారాలు ప్రధానిగా ఉన్నది ఈయనే, అప్పటికి వేరే సీటుకు మారిపోయినా. తర్వాత లిబరల్ పార్టీ నుంచి వైమానిక దళ మాజీ అధికారి విలియం బోస్టాక్. 1958లో ఆయన్ని కంట్రీ పార్టీకి చెందిన మాక్ హోల్టెన్ ఓడించాడు. హోల్టెన్ ఫుట్‌బాల్ ఆటగాడిగా ముందే పేరున్నవాడు. 1977లో హోల్టెన్‌ను లిబరల్ అభ్యర్థి కామెరాన్ ఓడించాడు. ఈ రెండుసార్లూ కూటమిలోని ఒక పార్టీ చేతిలో రెండో పార్టీ సిట్టింగ్ సభ్యుడే ఓడిపోయాడని గమనించండి. సొంత గూటివాడినే దించడం ఇండై ఓటరుకు 2013లో కొత్తగా అబ్బిన విద్య కాదు.

ప్రశ్న: ఈ అంకెల పద్ధతి ఎందుకు పెట్టారు?

1918 అక్టోబర్‌లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ ఉపఎన్నిక కారణం. లేబర్ వ్యతిరేక ఓటు అప్పటి అధికార పార్టీ నేషనలిస్టులకూ, రైతు అభ్యర్థికీ మధ్య చీలిపోయి, మూడో వంతు ఓట్లతో 22 ఏళ్ల లేబర్ అభ్యర్థి ఎడ్విన్ కోర్బాయ్ గెలిచాడు. ఓట్ల చీలిక దెబ్బ తిన్న ప్రభుత్వం వెంటనే చట్టం మార్చింది. ఆ డిసెంబర్‌లోనే కొరంగమైట్ ఉపఎన్నికలో కొత్త పద్ధతి అమల్లోకి వచ్చి, తొలి లెక్కలో ముందున్న లేబర్ అభ్యర్థిని దాటి రైతు సంఘం అభ్యర్థి గెలిచాడు. పల్లె ప్రాంతపు కుడిపక్షాల్ని కాపాడటానికి తెచ్చిన ఆయుధమే 95 ఏళ్ల తర్వాత ఇండైలో వాళ్ల మీదికే తిరిగింది.

ప్రశ్న: వొడోంగాలో ఉంటున్నాను, ఈ మధ్యే పౌరసత్వం వచ్చింది. శనివారాలు నది అవతల ఆల్బరీలో పని. తొలి ఓటు ఎలా వేయాలి, ఏం తప్పులు చేయకూడదు?

ముందు ఓటరు జాబితా. పౌరసత్వం వచ్చినంత మాత్రాన పేరు దానంతటదే ఎక్కిపోయిందనుకోవద్దు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఎన్నిక ప్రకటన వెలువడ్డాక జాబితా మూసేయడానికి ఏడు రోజులే గడువు. ఇల్లు మారితే కొత్త చిరునామాలో నెల రోజులు ఉన్నాక నమోదు మార్చుకోవాలి.

ఆల్బరీ సంగతి చాలామందిని దెబ్బ కొట్టేది. వంతెన దాటితే న్యూ సౌత్ వేల్స్. అక్కడ నియోజకవర్గం కూడా వేరు, ఫారర్. పోలింగ్ రోజున సొంత నియోజకవర్గం బయట ఉన్నా, సొంత రాష్ట్రంలో ఏ బూత్‌కు వెళ్లినా 'గైర్హాజరు ఓటు' కింద వేయనిస్తారు. రాష్ట్రం దాటితే మామూలు బూత్‌లో ఆ వీలు లేదు, అంతర్రాష్ట్ర ఓటర్ల కోసం పెట్టిన కేంద్రం వెతుక్కోవాలి. మీకు శనివారం పని కాబట్టి ముందస్తు పోలింగ్ కేంద్రంలో వేసేయడమే సుఖం. పోలింగ్‌కు 12 రోజుల ముందు నుంచి అవి తెరుచుకోవచ్చు. పోస్టల్ ఓటు కూడా ఉంది. కానీ పోలింగ్ ముగిసేలోగా సాక్షి సంతకంతో పూర్తిచేసి ఉండాలి, 13 రోజుల్లోగా వాళ్లకు చేరాలి. తేదీ వేయడం మరిచిపోవడం, సాక్షి సంతకం లేకపోవడం, ఇవే ఎక్కువగా ముంచుతాయి.

బూత్‌లో రెండు కాగితాలు ఇస్తారు. ఆకుపచ్చది ప్రతినిధుల సభకు. అభ్యర్థులు తొమ్మిది మంది ఉంటే 1 నుంచి 9 దాకా అన్ని గళ్లూ నింపాలి. ఒకే అంకె రెండుసార్లు వేసినా, మధ్యలో అంకె ఎగిరిపోయినా చిక్కే. టిక్కు పెట్టి ఊరుకుంటే ఓటు చెల్లదు. ఒక్క గడి ఖాళీగా వదిలి మిగతావి వరసగా సరిగ్గా ఉంటే మాత్రం ఆ ఖాళీని ఆఖరి అంకెగా తీసుకుంటారు, దాన్ని నమ్ముకోవద్దు. మీరెవరో తెలిసేలా పేరు, సంతకం రాయొద్దు. తప్పు పడితే దిద్దుకుంటూ కూర్చోకుండా సిబ్బందికి తిరిగిచ్చి కొత్త కాగితం అడగండి, ఇస్తారు. పొడవాటి తెల్ల కాగితం సెనేట్‌ది, అంటే ఎగువ సభది. కాగితానికి అడ్డంగా ఉన్న గీత పైన పార్టీల గళ్లలో కనీసం 6, లేదా గీత కింద అభ్యర్థుల గళ్లలో కనీసం 12 నింపాలి. రెండిటి నియమాలూ వేరు కావడం వల్లే సెనేట్ అలవాటుతో ఆకుపచ్చ కాగితం మీద 6 దగ్గర ఆగిపోయేవాళ్లు కనిపిస్తారు.

గేటు దగ్గర పార్టీల వాళ్లు చేతిలో పెట్టే కార్డు కేవలం సలహా. దాన్ని చూసి రాయొచ్చు, చెత్తబుట్టలో వేయొచ్చు. అంకెలు మీవే. ఓటు వేయకపోతే 20 డాలర్ల జరిమానా. పోలింగ్ జరిగే బడి ఆవరణలో కాల్చి అమ్మే సాసేజ్ మాత్రం తప్పనిసరి కాదు.

ప్రశ్న: ఫలితం తేలడానికి రోజులు పడుతుందెందుకు? 2013లో ఓట్లు మాయమయ్యాయని విన్నాం.

మాయం కాలేదు, లెక్క పట్టికలోకి ఎక్కలేదు. పోలింగ్ సాయంత్రం 6 గంటలకు ముగుస్తుంది. ఆ రాత్రి ప్రతి బూత్‌లోనూ ముందు తొలి ప్రాధాన్యాలు లెక్కపెడతారు. తర్వాత చివరికి మిగులుతారనుకున్న ఇద్దరిని ఎన్నికల సంఘం ముందే ఊహించి పెట్టుకుని, మిగతావాళ్ల బ్యాలెట్లను ఆ ఇద్దరి మధ్య పంచి చూస్తుంది. ఆ ఊహ తప్పితే ఆ లెక్క చెత్తబుట్టకే, మళ్లీ పంచాలి. మూడు ముక్కల పోటీ సీట్లలో ఇది జరుగుతూనే ఉంటుంది.

మరునాటి నుంచి ప్రతి కట్టనూ తిరిగి లెక్కిస్తారు. పోస్టల్, గైర్హాజరు ఓట్లు వచ్చి చేరుతుంటాయి. పోస్టల్ ఓట్లు సాధారణంగా కూటమి వైపు మొగ్గుతాయి కాబట్టి తొలి రాత్రి ఆధిక్యం కరుగుతూ పోవచ్చు. 2013లో తిరిగి సరిచూసేటప్పుడే వాంగరాటాలో నమోదు పొరపాటు వల్ల దాదాపు వెయ్యి ఓట్లు పట్టికలో పడలేదని బయటపడింది. వాటిని కలిపాక మెక్‌గవన్ ఆధిక్యం పెరిగింది. తేడా 100 ఓట్ల లోపు ఉంటేనే తనంతట తానుగా పూర్తి రీకౌంట్ జరపాలన్నది సంఘం విధానం. 439 దాని పైన ఉంది. సెప్టెంబర్ 18న మిరబెల్లా ఓటమి ఒప్పుకున్నారు. లెక్కింపు గదిలో అభ్యర్థుల ఏజెంట్లు పక్కనే నిలబడి చూడొచ్చు గానీ కాగితం ముట్టుకోకూడదు. పనికొచ్చే ఏజెంటు ఎవరంటే, కేకలేసేవాడు కాదు, ప్రతి బూత్ మొత్తాన్నీ రాసుకుని జారీ చేసిన బ్యాలెట్ల సంఖ్యతో పోల్చుకునేవాడు.

ప్రశ్న: ఇండై తరహాలో స్వతంత్ర అభ్యర్థిని నిలబెట్టాలంటే ఏం కావాలి?

కాగితం మీద కావలసింది కొంచెమే: అదే నియోజకవర్గంలో నమోదైన 100 మంది సంతకాలు, 2,000 డాలర్ల డిపాజిట్, మధ్యాహ్నం పన్నెండు లోపు దాఖలు. సంతకాలు వందకే ఆపొద్దు. ఊరు ఇదే అయినా ఓటు పక్క నియోజకవర్గంలో ఉన్నవాళ్ల పేర్లు కొట్టేస్తారు. తొలి ప్రాధాన్య ఓట్లలో 4 శాతం దాటకపోతే డిపాజిట్ గల్లంతే.

కాగితం బయట కావలసింది బోలెడు. 2012లో 'వాయిసెస్ ఫర్ ఇండై' అనే బృందం ఏర్పడింది. అభ్యర్థిని వెతకడంతో మొదలుపెట్టలేదు. ఇళ్లలో, వంటింటి బల్లల చుట్టూ చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. నాలుగు వందల మందికి పైగా చెప్పింది రాసుకున్నారు. అందులో తేలింది పెద్ద సిద్ధాంతాలేమీ కావు. సిగ్నల్ దొరకని సెల్‌ఫోన్, నత్తనడక ఇంటర్నెట్, మెల్‌బోర్న్–ఆల్బరీ రైలు. సీటు ఎటూ పోదన్న ధీమా ఉన్న పార్టీ ఇటు వైపు చూడదన్న కోపం వీటన్నిటికీ కింద ఉంది. మెక్‌గవన్ ఆ తర్వాత వచ్చారు. నారింజ రంగు చొక్కాల వాలంటీర్లు అప్పటి నుంచే. ఈ వరుస తిప్పేసి, ముందు అభ్యర్థిని ఎంచుకుని తర్వాత జనాన్ని వెతికితే చేతికొచ్చేది 4 శాతం గొడవే.

ప్రశ్న: 2013 తర్వాత గాలివాటం గెలుపని కొట్టిపారేయలేదా?

అన్నారు. 2016లో మిరబెల్లాయే మళ్లీ పోటీ చేశారు. సిట్టింగ్ ఎంపీ కూటమి మనిషి కాదు కాబట్టి నేషనల్స్ కూడా అభ్యర్థిని పెట్టారు. మెక్‌గవన్ తొలి లెక్కలోనే ముందుండి, చివరి లెక్కలో 54.83 శాతంతో గెలిచారు. అసలు పరీక్ష 2019ది. మెక్‌గవన్ తప్పుకున్నారు, నర్సుగా, మంత్రసానిగా, గ్రామీణ ఆరోగ్య పరిశోధకురాలిగా పనిచేసిన హెలెన్ హేన్స్‌ను స్థానికులే ఎంపిక చేసుకున్నారు. తొలి ప్రాధాన్యాల్లో లిబరల్ అభ్యర్థి స్టీవ్ మార్టిన్ కంటే వెనకబడి, చివరికి 51.39 శాతంతో గట్టెక్కారు. ఫెడరల్ స్థాయిలో ఒక స్వతంత్ర సభ్యురాలి సీటు ఇంకో స్వతంత్ర సభ్యురాలికి దక్కడం అదే మొదటిసారి. 2022లో 58.94 శాతం. 2025లోనూ నిలబెట్టుకున్నారు.

లిబరల్, నేషనల్ ఇద్దరూ బరిలో ఉంటే కూటమి బలం రెట్టింపవుతుందనుకోవడం ఒక భ్రమ. నేషనల్ అభ్యర్థి తప్పుకున్నప్పుడు ఆ ఓట్లన్నీ లిబరల్‌కు పోవు. కొన్ని కాగితాల మీద 2 అంకె స్వతంత్ర అభ్యర్థి పేరు ఎదుటే ఉంటుంది. 51.39 లాంటి ఫలితంలో ఆ కారిపోయే కాస్తే ప్రాణం.

ప్రశ్న: సరిహద్దులు మారిస్తే ఈ లెక్కలన్నీ మారతాయా?

మారతాయి. కనీసం ఏడేళ్లకోసారి పునర్విభజన ఉంటుంది. ప్రతి సీటులో ఓటర్ల సంఖ్య రాష్ట్ర సగటుకు 10 శాతం అటూఇటూ దాటకూడదు, భవిష్యత్ అంచనా ప్రకారమైతే 3.5 శాతం. పార్టీ సీటుకైతే కొత్తగా కలిసిన బూత్‌ల పాత ఫలితాలు తెచ్చి కొత్త మెజారిటీ అంచనా వేసుకోవచ్చు. స్వతంత్ర సభ్యురాలి విషయంలో ఆ పప్పులుడకవు. ఆ బూత్‌ల పాత బ్యాలెట్ మీద ఆమె పేరే లేదు. కాబట్టి పునర్విభజన తర్వాత ఇలాంటి సీటుకు ఎవరైనా దశాంశ స్థానాలతో మెజారిటీ చెబితే, కలిసిన ఊళ్లలో ఓటర్లు ఎంతమందో ముందు అడగండి.